నిండుగా ఉండే వంతు

ఫిబ్రవరి 4

అక్కా,

ఇచ్చాను.

నిన్న పని దిగి తిన్నగా బ్లడ్ బ్యాంకుకే వెళ్ళాను. ఎప్పుడూ ఉండే నర్సమ్మే ఉంది. నిన్ను ఎన్నడూ చూడకపోయినా "మీ అక్కగారు కులాసానా" అని అడుగుతుంది. మన కథ ఆవిడకు ఎంత ఇష్టమంటే పక్క మంచం మీద పడుకున్న ఒక పెద్దమనిషికి నన్ను చూపించి మొదలుపెట్టింది. "వీళ్ళు అక్కాతమ్ముళ్ళండీ. ఇద్దరిదీ ఓ నెగటివే. ఒకరు ఇస్తే, వాళ్ళకు మళ్ళీ రక్తం పట్టేదాకా రెండోవాళ్ళు ఎవరికీ ఇవ్వరు, కాపలా ఉంటారు. ఇచ్చిన మర్నాడే ఉత్తరం రాసుకుంటారు." ఆయన నన్ను మ్యూజియంలో బొమ్మను చూసినట్టు చూశాడు. ఇద్దరూ ఒకేసారి ఖాళీ కాకూడదని మా నాన్న పెట్టిన పద్ధతనీ, నోటిమాట గాలికి పోతుందని రాసి పంపమనేవాడనీ చెప్పాను. ఇంతకీ ఆయనకు తన గ్రూపేమిటో తెలియదట. అరవైకి దగ్గర పడ్డ మనిషి. నాన్న ఉంటే ఆయనకు ఆ పూటంతా ఉపన్యాసమే.

ఇక అసలు సంగతి. మీ మరదలికి మూడో నెల. ఇదివరకు రెండుసార్లు ఊరంతా చెప్పుకుని రెండుసార్లూ నిలవక నాలుక కరుచుకున్నాం కదా, ఈసారి నోటితో చెప్పాలంటేనే భయంగా ఉంది. అందుకే రాస్తున్నాను. సెప్టెంబరు మొదట్లో అంటున్నారు. తను కూడా మన గ్రూపే కావడం చూసి ఇక్కడి డాక్టరమ్మ ఇప్పట్నుంచే మొహం ముడుచుకుంటోంది. ఆ బ్లడ్ బ్యాంకు బల్ల మీదే కదా తనతో పరిచయమైంది, అరుదైన వాళ్ళను ఒక్కచోట పోగేస్తే ఇంతే మరి.

పనిలో కొత్తేమీ లేదు. పన్నెండంతస్తుల మేడలో పాత లిఫ్టుకి తీగతాళ్ళు మారుస్తున్నాం.

నేను ఇచ్చాను. నువ్వు నిండుగా ఉండు.

తమ్ముడు


ఫిబ్రవరి 15

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరాన్ని పిండి చేతులతోనే విప్పాను. మూడో నెల అన్నచోట నా బొటనవేలి ముద్ర తెల్లగా పడింది, అలాగే దాచుకున్నాను. నీ నోట్లో చక్కెర పొయ్య. మరదలిని మెట్లెక్కనివ్వకు. లిఫ్టులు బాగుచేసేవాడి పెళ్ళాం మెట్లెక్కితే నీకే నామర్దా.

ఈ కబురు చదివాక అమ్మే కళ్ళముందు మెదులుతోంది. నీకు ఎన్నిసార్లు చెప్పానో, మళ్ళీ చెబుతాను, విసుక్కోకు. నాకప్పుడు పదిహేనేళ్ళు. మన ఊరి ఆసుపత్రి వరండాలో చివరి బల్ల మీద కూర్చోబెట్టి కదలొద్దన్నాడు నాన్న. లోపల్నుంచి నీ ఏడుపు వినిపించింది. నవ్వుకున్నాను కూడా. అంతలో ఒకాయన బయటికి వచ్చి "ఆమె గ్రూపేమిటి" అని అడిగాడు. నాన్నకి అమ్మ చెప్పుల కొలత తెలుసు, చాయ్‌లో ఎంత చక్కెర కావాలో తెలుసు. అది మాత్రం తెలియదు. వాళ్ళే పరీక్ష చేసి ఏదో తేల్చారు, కానీ ఆ రక్తం ఉన్న మనిషి ఊళ్ళో దొరకలేదు. ఆ మనిషిని నేనే. ఆ బల్ల మీదే కూర్చుని ఉన్నాను. ఆ సంగతి నాకూ తెలియదు, ఎవరికీ తెలియదు. తెలిసినా అంత చిన్నదాని దగ్గర తీసుకోరని తర్వాత చెప్పారులే. చెప్పినంత మాత్రాన ఆ బాధ పోతుందా.

అందుకే మన బట్టీకి రొట్టె కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళనీ అడుగుతాను, మీ గ్రూపేమిటని. కొందరు వాళ్ళ నక్షత్రం చెబుతారు. మొన్నొక కొత్త పెళ్ళికొడుకు తెలియదండీ అన్నాడు. తెలుసుకుని వచ్చేదాకా నీకు నిన్నటి రొట్టే అన్నాను. మర్నాడు పరీక్ష కాగితం పట్టుకుని వచ్చాడు. మన పిండి పిసికే ఆవిడ నవ్వలేక పక్క పట్టుకుంది.

నేను బాగానే ఉన్నాను. బట్టీ మెట్లు ఎక్కితే కాస్త ఆయాసం, అది వయసు. నువ్వు మాత్రం పిచ్చి పనులు చెయ్యకు. ఆ ఏడాది ఎవరో పసివాడికి కావాలంటే, తారీఖు గురించి అబద్ధమాడి నెల తిరక్కుండా రెండోసారి ఇచ్చి, లిఫ్టు గుంటలో కళ్ళు తిరిగి పడ్డావు. ఆ మచ్చ నీ గడ్డం కింద ఇంకా ఉంది. ఎవరికైనా కావాలంటే ఆగలేవు నువ్వు, నీ సంగతి నాకు తెలుసు.

సెప్టెంబరుకి నేను వస్తాను. నీ వంతూ నా వంతూ లేదు ఈసారి. ఆ ఆసుపత్రి వరండాలో ఇద్దరం రెండు నిండుకుండల్లా కూర్చుందాం. ఎవరు ఏ గ్రూపని అడిగినా లేచి నిలబడదాం. మాట ఇస్తున్నాను.

మీ అక్క


ఏప్రిల్ 20

అక్కా,

మీ మరదలు మంచం మీదే ఉంది. పడుకుని ఉంటే చాలు, అదే మందు అంది డాక్టరమ్మ. కిటికీ పక్కకి మంచం జరిపాను. ఎదురింటి మేడ మీద ఎవరు ఏ బట్టలు ఆరేస్తున్నారో రోజూ నాకు వివరంగా చెబుతోంది. పైకి నవ్వుతుంది గానీ, నేను స్నానానికి వెళ్ళినప్పుడు ఏడుస్తుంది. నీళ్ళ చప్పుడుకి నాకు వినపడదనుకుంటుంది.

డాక్టరమ్మ నన్ను విడిగా పిలిచి చెప్పింది. మాయ కిందికి ఉందట, కాన్పప్పుడు రక్తం పోవచ్చట, రెండు సీసాలన్నా చేతిలో ఉంచుకోమంది. మా అక్కా నేనూ ఉన్నామని చెప్పాను.

అందుకని అడుగుతున్నాను, మేలో నువ్వు ఇవ్వాల్సిన వంతు ఈసారికి మానెయ్. ఎవరడిగినా లేదను. ఆగస్టులోనే వచ్చెయ్. బట్టీని పిండి ఆవిడ చూసుకుంటుంది.

ఫోను పెట్టించుకోమంటే వినవు కదా. గంట మోగితే రొట్టె మాడుతుందట. ఈ కాలంలో ఇలా మాట్లాడే మనిషి నువ్వొక్కదానివే.

తమ్ముడు


మే 12

తమ్ముడూ,

ఇచ్చాను.

కోప్పడకు. ఎవరో ఆడమనిషి, మన ఊరి ఆసుపత్రిలో ఉంది. ఒంట్లో రక్తం ఊరడం ఆగిపోయిందట. కళ్ళెదుట కనిపిస్తుంటే కాదనలేకపోయాను. కుడిచేతికి పొడిచారు, అందుకే ఈ కోడిగీతల రాత.

కాబట్టి పద్ధతి ప్రకారం నేను ఖాళీ. ఇక నువ్వు ఎవరికీ ఇవ్వకూడదు. ఇది గట్టిగా చెబుతున్నాను. బ్యాంకు వాళ్ళు ఫోను చేసి బతిమాలినా సరే, మన ఊరి నుంచే అడిగినా సరే, ఎవరు ఏమైపోతున్నారని చెప్పినా సరే, నీది కదపకు. అది మరదలిది.

ఆగస్టు నాటికి నాకు మళ్ళీ పడుతుందిలే.

మరదలికి చెప్పు, మేడ మీద బట్టల కథలు నాకు కూడా రాయించమని. ఇక్కడ నాకూ కిటికీ పక్కన కూర్చునే తీరిక కాస్త దొరుకుతోంది.

నేను ఇచ్చాను. నువ్వు నిండుగా ఉండు.

అక్క


మే 27

అక్కా,

నీ ఉత్తరం అందింది. మానెయ్యమని అంత బతిమాలి రాశాను. సరే, అయిందేదో అయింది. నీ చెయ్యి కాదనలేదని మీ మరదలు నన్నే సముదాయించింది.

కానీ కుడిచేతికి ఎందుకు పొడవనిచ్చావు? బట్టీలోంచి రొట్టెలు తీసే చెయ్యి, పార పట్టే చెయ్యి, ఎప్పుడూ ఎడమే కదా ఇస్తావు. రాత మరీ అధ్వాన్నంగా ఉంది. కళ్ళజోడు మార్పించుకో.

నువ్వన్నట్టే బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. మన ఊళ్ళో ఎవరికో మాటిమాటికీ కావాలట. నువ్విచ్చిన ఆవిడే అయి ఉంటుంది. లేదని చెప్పేశాను. చెప్పి ఫోను పెట్టేశాక చాలాసేపు లిఫ్టు మోటారు గదిలోనే కూర్చుండిపోయాను. ఒంట్లో నిండుగా పెట్టుకుని లేదనడం నా జన్మలో ఇదే మొదలు. ఆవిడకు తోడబుట్టిన వాళ్ళెవరూ లేరా అని అడిగాను నర్సమ్మని. ఎవరూ లేరని రాయించిందట. పాపం అనిపించింది.

తమ్ముడు


జూన్ 14

ఒరేయ్ తమ్ముడూ,

లేదన్నావు కదా, మంచి పని చేశావు. నా మాట విన్నావని తెలిసి ఆ పూట హాయిగా అన్నం తిన్నాను.

ఆవిడ గురించి బెంగపెట్టుకోకు. నాకు తెలిసిన మనిషే. ఒట్టి మొండిఘటం. నర్సుల మీద కేకలేస్తుందిట, దుప్పటి సరిగ్గా పరవలేదని. వచ్చిపోయే వాళ్ళందరినీ మీ గ్రూపేమిటని అడిగి చంపుకు తింటుందిట. నేను వెళ్ళి కాసేపు కూర్చుని వస్తూ ఉంటాను. ఎక్కడెక్కడి నుంచో తెప్పించి ఎక్కిస్తున్నారు, ఎక్కించిన నాలుగు రోజులు మొహంలో కళ వస్తుంది, మళ్ళీ తెల్లబడుతుంది. పిండి కొద్దీ రొట్టె. ఆవిడకి దిగులేమీ లేదు, తన వాళ్ళెవరో దూరాన బాగుంటే చాలంటుంది.

తోడబుట్టిన వాళ్ళ సంగతి నేనూ అడిగాను. ఉంటే మాత్రం చెబుతానా అంది. ఒక్కొక్కరిది ఒక్కో తీరు.

మరదలి పాదాలు వాచాయా? వాస్తే కాళ్ళ కింద దిండు పెట్టు. నువ్వు పుట్టకముందు అమ్మకి నేనే పెట్టేదాన్ని. ఉలెన్ దారం కొన్నాను, పసుపుది. చిన్న టోపీ ఒకటి మొదలుపెట్టాను. వేళ్ళు చెప్పినమాట వినడం లేదు, అయినా విడిచిపెట్టేది లేదు.

అక్క


జూలై 22

అక్కా,

నీ గది సిద్ధం. గదంటే గది కాదనుకో, నా పనిముట్లు పెట్టుకునే మూల. స్పానర్లన్నీ మంచం కిందికి తోసి గోడలకి సున్నం వేశాను. నీకు వెలుతురు కావాలి కాబట్టి బల్బు మార్చాను. మీ మరదలు పడుకునే అజమాయిషీ చేసింది, కర్టెను ఎడంపక్కకి, కాదు కుడిపక్కకి అంటూ.

బిడ్డ కదులుతోంది. నా చెవి ఆనిస్తే ఒక్క తన్ను తన్నింది. రెండుసార్లూ ఇంతవరకు రానేలేదు మేము.

ఆగస్టు రెండో వారానికి రా. నువ్వు ఇచ్చి అప్పటికి మూడు నెలలు దాటుతుంది, పరీక్ష చేయించుకుని సిద్ధంగా ఉండొచ్చు. స్టేషనుకి నేను వస్తాను. లిఫ్టు పెట్టె పైకి వెళ్ళాలంటే అవతల బరువు దిమ్మె ఉండాలి అక్కా. అది లేకపోతే తాడు మీదే పడుతుంది భారమంతా. ఇప్పుడు నేను తాడు మీదే ఉన్నాను. నువ్వు రా.

తమ్ముడు


ఆగస్టు 9

తమ్ముడూ,

మళ్ళీ ఇచ్చాను. ఆవిడకే.

రాలేను. బట్టీ లోపలి ఇటుకలు కూలాయి, మేస్త్రీ దగ్గరుండి చూసుకోమంటున్నాడు. నేను లేకపోతే పని పాడు చేస్తారు.

నీది కదపకు. నేను ఖాళీ, గుర్తుంచుకో. టోపీ పంపుతున్నాను. ఒకపక్క కుట్లు వదులైపోయాయి, మరదలిని సరిచెయ్యమను.

నువ్వు నిండుగా ఉండు.

అక్క


ఆగస్టు 18

అక్కకి,

ఇటుకలు.

నీ ఉత్తరం మీ మరదలికి చూపించలేదు. అక్క జ్వరంతో ఉందని అబద్ధం చెప్పాను. నీకు వేసిన మంచం మీద మళ్ళీ స్పానర్లు పెట్టుకున్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నువ్వు రచ్చ ఒక్కటే గెలుస్తావు. ఎవరో మొండిఘటానికి రెండుసార్లు పోశావు, పక్కన కూర్చుని కబుర్లు చెప్పి వస్తున్నావు. ఇక్కడ నీ తమ్ముడి పెళ్ళాం ప్రాణం మీదికి వస్తుంటే నీకు బట్టీ ముఖ్యం. వరండాలో నిండుకుండల్లా కూర్చుందామని మాట ఇచ్చింది ఎవరు? అమ్మ పోయినప్పుడు ఎవరూ నిన్ను అడగలేదని నా చిన్నప్పట్నుంచీ చెప్పుకుని ఏడ్చావు. ఇప్పుడు నేను అడిగాను. ఉత్తరం రాసి మరీ అడిగాను.

నీకు కడుపున పుట్టినవాళ్ళు ఉంటే తెలిసేది.

కాన్పయ్యేదాకా నాకు రాయకు. ఇచ్చాను అన్న మాట నీ చేతిరాతలో ఇంకోసారి చూడలేను.


ఆగస్టు 26

తమ్ముడూ,

రాయొద్దన్నావు, అయినా రాస్తున్నాను. తిట్టు, ఎంతైనా తిట్టు. నాకేం కాదు. నువ్వు మాటలు నేర్చింది నా దగ్గరే.

కోపంలో అన్నం మానేసి ఒళ్ళు చెడగొట్టుకోకు. ఆకుకూరలు తిను. ఆసుపత్రికి వెళ్ళేముందు కడుపునిండా నీళ్ళు తాగు, నరం తేలికగా దొరుకుతుంది.

కడుపున పుట్టినవాడు ఒకడున్నాడు నాకు. వాడు మంచివాడే.

అక్క


సెప్టెంబరు 8

అక్కకి,

ఆడపిల్ల. నాలుగో తారీఖున.

చెప్పాల్సిన ధర్మం కాబట్టి రాస్తున్నాను. డాక్టరమ్మ భయపడినట్టే అయింది. పాప ఏడ్చిన కాసేపటికి లోపల హడావుడి మొదలైంది. బ్యాంకులో ఒక్కటే సీసా ఉంది. అది అయిపోయింది. రెండోది నాది. పక్క గదిలో పడుకోబెట్టి తీశారు, ఇంకొకళ్ళ ఒంట్లోంచి పోతున్నది నా ఒంట్లోంచి నింపుతున్నారని తెలుస్తూనే ఉంది. నర్సమ్మ నా తల పట్టుకుని నిలబడింది. మీ మరదలు మర్నాడు కళ్ళు తెరిచింది. ఇప్పుడు బాగానే ఉంది.

వరండాలో చివరి బల్ల మీద ఒక్కణ్ణే కూర్చున్నాను.

నీ టోపీ పాపకి పెట్టింది మీ మరదలు. నేను వద్దనలేదు.


సెప్టెంబరు 19

నా బంగారు తమ్ముడూ,

నీ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాను. పిండి ఆవిడ చేత పైకి చదివించుకుని ఐదోసారి విన్నాను. ఆవిడ ఏడ్చేసింది. నేను నవ్వాను.

మరదలు బతికింది. నువ్వు ఇచ్చావు, ఆమె బతికింది. ఇంత కన్నా నాకేం కావాలి చెప్పు. నాన్న పెట్టిన పద్ధతి ఇన్నేళ్ళకి తన పని తను చేసింది. అమ్మకి అందనిది మరదలికి అందింది. ఇక నాకు ఎవరి మీదా కోపం లేదు, ఆ రోజు వరండాలోకి వచ్చి గ్రూపు అడిగినాయన మీద కూడా లేదు.

పాప గ్రూపు పరీక్ష చేయించావా? అమ్మానాన్నలిద్దరిదీ అదే అయితే దానిదీ అదేనని తెలుసు, అయినా చేయించి రాయి. నా చెవిన పడాలి. మేనత్త పోలిక వచ్చిందేమో చూడు, ముక్కు ఒక్కటీ రాకుండా ఉంటే చాలు.

చిన్న ఉత్తరమని అనుకోకు. చెయ్యి లాగుతోంది.

మీ అక్క


డిసెంబరు 11

అక్కా,

ఇచ్చాను.

మూడు నెలలుగా రాయలేదు. నువ్వు రెండు ఉత్తరాలు రాశావు, రెండూ చిన్నవే, రెండింటికీ బదులివ్వలేదు. కోపం తీరలేదు. తీరిందని అబద్ధం ఆడను. కానీ పద్ధతి పద్ధతే, అది నాన్నది.

నిన్న ఉదయం వెళ్ళాను. నర్సమ్మ నన్ను చూడగానే మంచిరోజున వచ్చావంది. మన ఊళ్ళో ఆవిడ, ఆ మొండిఘటం, ఇంకా ఉందట. మరీ దిగజారిందట. మొన్న మేలో లేదని చెప్పింది నా మనసులో ముల్లులా ఉండిపోయింది కాబట్టి వెంటనే చెయ్యి చాపాను. సాయంత్రం బండికే ఐసు పెట్టెలో పెట్టి పంపించారు. నువ్వు చూడటానికి వెళ్తే చెప్పు, ఇది మా తమ్ముడిదని. ఆరోజు లేదన్నందుకు ఏమీ అనుకోవద్దని చెప్పు.

పాపది ఓ నెగటివ్. నీ ముక్కే వచ్చింది.

మీ మరదలు నిన్ను చూడాలంటోంది. నేను ఏమీ అనడం లేదు. వస్తే కాదనను.

నేను ఇచ్చాను. నువ్వు నిండుగా ఉండు.

తమ్ముడు


డిసెంబరు 14

తమ్ముడూ,

అందింది.

సంచీ మీద మీ ఊరి బ్యాంకు ముద్ర ఉంది, పదో తారీఖు ఉంది. ఎక్కుతున్నంతసేపూ దాన్నే చూస్తూ పడుకున్నాను, ఎవరో తెలియకపోయినా దండం పెట్టుకున్నాను. ఇవాళ నీ ఉత్తరం వచ్చాక తెలిసింది నీదని.

మేలో నా వంతని ఇవ్వడానికి వెళ్తే, నీకే కావాలమ్మా అని కూర్చోబెట్టారు. మూలుగ ఎండిపోయిందట. పెద్ద వైద్యం ఉంది గానీ ఈ వయసుకి, ఈ గుండెకి తట్టుకోలేనన్నారు. ఎక్కించుకుంటూ ఉండటమే. నీకు చెబితే ఏం చేస్తావో నాకు తెలుసు. మరదలిని మంచం మీద వదిలేసి పరిగెత్తుకొచ్చి చెయ్యి చాపేవాడివి, తారీఖు అబద్ధమాడి మళ్ళీ చాపేవాడివి. సెప్టెంబరుకి నువ్వు ఖాళీ అయిపోయి ఉండేవాడివి. నేను నిండుగా ఉన్నానని నువ్వు అనుకుంటే కూడా అంతే, ఎవరడిగినా ఇచ్చేసేవాడివి. నేను ఖాళీ అంటేనే నువ్వు నీది దాచుకుంటావు. అందుకే ఇచ్చానని రాశాను. మన ఇంట్లో ఆ మాట ఎవరూ అబద్ధంగా రాయరు కదా, నువ్వు అనుమానించవని తెలుసు.

అయినా పూర్తి అబద్ధం కాదురా. నాకు రావాల్సింది మరదలికి ఇచ్చాను. ఇవ్వడమే కదా అది.

నీది ఎక్కాక నిన్న నా కాళ్ళతో నేను బట్టీ దాకా నడిచాను. మెట్లు కూడా ఎక్కాను. పిండి ఆవిడ కేకలు పెట్టింది. ఇటుకలు ఒక్కటీ కూలలేదు, చూసి వచ్చాను.

పాపని ఒకసారి తీసుకురా. నా ముక్కు నేను చూసుకోవాలి.

అక్క


మార్చి 15

అక్కా,

ఎక్కడికి రాయాలో తెలియక బట్టీ చిరునామాకే రాస్తున్నాను. పిండి ఆవిడ తీసుకుంటుంది.

డిసెంబరులో నీ ఉత్తరం అందిన గంటలోనే బయల్దేరాం. పాపకి నీ పసుపు టోపీ పెట్టాం. మన ఊరి ఆసుపత్రి వరండాలో ఆ చివరి బల్ల మీద పిండి ఆవిడ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. అలా నిలబడటం చూడగానే తెలిసిపోయింది. ఆ ఉదయమే పోయావట. తమ్ముడు వస్తాడు, దుప్పటి మార్చండని నర్సు మీద కేకలేశావట.

పాపని నీ పక్కన పడుకోబెట్టాను. ఎవరూ వద్దనలేదు. అది నీ చీర కొంగు పట్టుకుంది. ముక్కు నీదే అక్కా, అచ్చంగా నీదే.

ఆగస్టులో నేను రాసిన ఆ ఒక్క వాక్యం వెనక్కి తీసుకోవాలని నిన్ను అడగడానికి వచ్చాను. అది అడగనివ్వకుండానే వెళ్ళిపోయావు. నీ దిండు కింద నా ఉత్తరాలన్నీ ఉన్నాయి, అది కూడా ఉంది. దాన్నొక్కదాన్నీ చింపుదామని తీసి, మళ్ళీ అక్కడే పెట్టాను. నువ్వు దాచుకున్నది చింపే హక్కు నాకెక్కడిది.

మే నెలలో మోటారు గదిలో కూర్చుని, ఒంట్లో పెట్టుకుని లేదన్నది నీకే. తోడబుట్టిన వాళ్ళు లేరా అని అడిగింది నిన్నే. అది తలుచుకుంటే పనిలో చెయ్యి ఆడటం లేదు. నువ్వు చేసింది తప్పని ఎవరైనా చెబితే బాగుండు అనిపిస్తుంది, పక్కకి తిరిగితే మీ మరదలు పాపకి పాలిస్తూ ఉంటుంది. తప్పని ఎలా అనను.

డాక్టరు చెప్పాడు, చివర్లో ఎక్కించింది ఒక్క సీసాయేనట, దానితో ఆ నాలుగు రోజులూ వచ్చాయట. అంటే నువ్వు పోయేటప్పుడు నీలో నాది ఉంది. ఆ మాట పట్టుకుని తిరుగుతున్నాను. చాలలేదు అక్కా. చాలలేదు.

నేను ఇచ్చి మూడు నెలలు దాటింది. వెళ్ళనని అనుకున్నాను. నిన్న కాళ్ళు అటే తీసుకెళ్ళాయి. నర్సమ్మ ఈసారి నీ కులాసా అడగలేదు. పక్క మంచం మీద ఆ పెద్దమనిషే ఉన్నాడు. తన గ్రూపు ఇప్పుడు తెలుసట, బి పాజిటివ్ అని నాకు తనంతట తనే చెప్పాడు. నీకు చెప్పాలనిపించింది.

ఇచ్చిన మర్నాడు రాయాలి కదా. ఉదయం నుంచీ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. పాపకి ఇంకా పళ్ళే రాలేదు, దానికి వంతు రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. అప్పటిదాకా ఈ మాట రాయడానికి నాకు నువ్వు తప్ప ఎవరున్నారు.

నేను ఇచ్చాను అక్కా. నువ్వు నిండుగా ఉండు.

తమ్ముడు